సభ పెట్టడం తెలిసిన మనిషి: మాడపాటి హనుమంతరావు

విద్యార్థి సంఘం మిత్రులు ఈ సంవత్సరపు సంచికకు ఒక వ్యాసం కావాలని అడిగారు. ఎవరైనా మహానుభావుని జీవితం రాయమన్నారు. నాకు వెంటనే మాడపాటి హనుమంతరావు గారు గుర్తుకొచ్చారు. ఆయన మీద ఉన్న భక్తి కొంత కారణమైతే, నేనొకసారి చేసిన పొరపాటు అసలు కారణం. ఆ పొరపాటు చెప్పకుండా ఆయన గురించి రాస్తే అది పుట్టిన తేదీ, పోయిన తేదీ, మధ్యలో పదవులు అన్నట్లుగా తయారవుతుంది. అలాంటివి పరీక్షల గైడులో చాలా ఉన్నాయి.

మాది రఘునాథపల్లి. పొద్దున ప్యాసింజరు బండెక్కి, ఘన్‌పూర్, పెండ్యాల దాటి కాజీపేటలో దిగి కాలేజీకి వచ్చిన బాపతు విద్యార్థిని నేను. చదువయ్యాక ఉద్యోగం, పిల్లలు, బదిలీలు. మళ్లీ ఊరికి వచ్చేసరికి తల నెరిసింది. అప్పుడు మా దగ్గర్లోని ఒక సంఘాన్ని (పేరెందుకు లెండి) ఇంకో సంఘంలో కలిపేయాలన్న ఆలోచన వచ్చింది. పై నుంచి కాగితం వచ్చింది. సభ్యులకు అనుమానాలు. మా వాటా పైసలు ఏమైతయి, లెక్కలు ఎవరు రాస్తరు, ఆఫీసు ఏ ఊర్లో ఉంటది. నలుగురూ వచ్చి, సారూ నువ్వు చదువుకున్నోనివి, సభ నువ్వు నడిపించు అన్నారు. నేను ఉబ్బిపోయాను.

ఎలా నడిపించాననుకున్నారు? షామియానా వేయించాను. ఎత్తుగా బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, అయిదు కుర్చీలు, మైకు. పెద్దలు కుర్చీల్లో, జనం కింద, ఆడవాళ్లు అందరికంటే వెనక. నేను గంటసేపు మాట్లాడాను. చివర్లో ఎవరికైనా సందేహాలున్నాయా అని అడిగాను. ఒక్కరూ నోరు తెరవలేదు. అందరికీ సమ్మతమే అని రాసుకుని దండలు వేయించుకుని ఇంటికొచ్చాను. సాయంత్రం చాయ్ హోటల్ ముందు నుంచి పోతుంటే లోపల ఒకటే గొడవ. సభలో రాని మాటలన్నీ అక్కడ వచ్చాయి. వారం తిరక్కముందే సభ్యుల్లో సగం మంది మా వాటా మాకియ్యమని కాగితాలు పెట్టారు.

అప్పుడు దొరికింది నాకు మాడపాటి వారి తెలంగాణ ఆంధ్రోద్యమము. 1949, 1950 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వచ్చిన ఆ పుస్తకాన్ని విద్యార్థిగా ఉన్నప్పుడు పరీక్ష కోసం చదివాను. ఈసారి నా కోసం చదివాను. ఎవరు ఎక్కడ సభ పెట్టారు, ఎవరు అధ్యక్షత వహించారు, ఏ తీర్మానాలు చేశారు అని వరసగా చెప్పుకుంటూ పోయే ఆ పుస్తకం నాకు చప్పగా అనిపించలేదు. సభ ఎట్లా పెట్టాలో తెలిసిన మనిషి చేతి కింద పనిచేసినట్లు అనిపించింది.

ఆయన 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకా ఎర్రుపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో మేనమామ అండన సూర్యాపేటలో పెరిగారు. చదువుకోసం ఓరుగల్లు వైపు వచ్చారు. తర్వాత హనుమకొండ విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా చేరారు. మన హనుమకొండలో 1904లో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం స్థాపించినప్పుడు ఈ గుమాస్తా అందులో ముఖ్యుల్లో ఒకరు. 1912 ప్రాంతంలో హైదరాబాదు వెళ్లి ప్రభుత్వంలో అనువాదకుడిగా పనిచేశారు. తర్వాత వకీలు పరీక్ష ప్యాసై ప్రాక్టీసు పెట్టారు. తెలుగు ఎంత వచ్చో ఉర్దూ అంత వచ్చు. కథలు రాశారు, మల్లికాగుచ్ఛము ఆయన కథల సంపుటి. ఈ గుమాస్తాగిరీ, అనువాదం, వకాలతు మూడూ తర్వాత ఆయనకు అక్కరకొచ్చాయి. సర్కారు కాగితం ఎట్లా చదవాలో, దానికి జవాబు ఎట్లా రాయాలో, ఎదుటివాని భాషలో మన మాట ఎట్లా చెప్పాలో ఆయన అక్కడే నేర్చుకున్నారని నా నమ్మకం.

ఇక 1921 నవంబరు. హైదరాబాదులో వివేకవర్ధినీ థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార మహాసభ. అధ్యక్షులు పూనా నుంచి వచ్చిన మహర్షి కార్వే. ఇంగ్లీషులో మాట్లాడితే విన్నారు, ఉర్దూలో మాట్లాడితే విన్నారు, మరాఠీలో మాట్లాడితే విన్నారు. వకీలు ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మొదలుపెట్టేసరికి అల్లరి, చప్పట్లు, ఈలలు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే భాష అది. ఆయన మాట పూర్తి కానేలేదు.

తెలుగువాళ్లు అవమానంతో బయటికి వచ్చారు. ఇక్కడ నేను ఆగి ఆలోచించాను. అవమానపడ్డ మనిషి ఏం చేస్తాడు? మర్నాడు ఖండన సభ పెడతాడు, పత్రికకు ఉత్తరం రాస్తాడు, లేదంటే తిట్టుకుంటూ పడుకుంటాడు. వీళ్లు ఆ రాత్రే టేకుమాల రంగారావు గారి ఇంట్లో కూర్చున్నారు. పట్టుమని పన్నెండు మంది కూడా లేరు. నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం అక్కడ పుట్టింది. బారిష్టరు రాజగోపాలరెడ్డి గారు అధ్యక్షులు, మాడపాటి వారు కార్యదర్శి. ఆంధ్ర అన్న మాట ఇప్పటి విద్యార్థికి ఇబ్బందిగా తోచవచ్చు. ఆనాడు ఈ రాజ్యంలో ఆ మాటకు తెలుగువారు అనే అర్థం, అంతే. 2014 తర్వాతి కళ్లతో దాన్ని చదవకూడదు.

కార్యదర్శి అంటే మనకు తెలిసినంతలో నోటీసులు పంచేవాడు. మాడపాటి వారు ఆ పదవిని వేరేగా అర్థం చేసుకున్నారు. సభ మూడు రోజులు జరుగుతుంది, సంవత్సరంలో మిగతా రోజులన్నీ సభ కోసం పని జరగాలి. ఊరూరా చిన్న సంఘం, దాని పక్కన గ్రంథాలయం, వీలైతే ఒక బడి. వీటన్నిటినీ కలపడానికి కేంద్ర సంఘం. ఆంధ్రజన కేంద్ర సంఘం తొలి సమావేశం 1923 ఏప్రిల్‌లో హనుమకొండలోనే జరిగింది. తర్వాత నల్లగొండ, మధిర, సూర్యాపేట. చూడండి, హైదరాబాదు లేదు. రాజధానిలో కూర్చుని జిల్లావాళ్లను పిలిపించుకోలేదు. బండి కట్టుకుని వాళ్ల దగ్గరికే పోయారు. సభ ఏ ఊర్లో పెడితే ఆ ఊరి వాళ్లే ఆహ్వాన సంఘం. వంటలు వాళ్లవి, పందిరి వాళ్లది, పేరు వాళ్లది. పందిరికి గుంజ పాతినవాడు సభను అంత తేలిగ్గా విడిచిపెట్టడు. నా షామియానా కిరాయికి తెచ్చింది.

ఇదంతా ఎంత కష్టకాలంలో జరిగిందో చెప్పాలి. ఆ రోజుల్లో గస్తీ నిషాన్ 53 అని ఒక ఉత్తర్వు. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. ఏ విషయాలు మాట్లాడతారో చెప్పాలి. రాజకీయం రాకూడదు. అనుమతి ఇస్తారో ఇవ్వరో, ఇస్తే ఎప్పుడిస్తారో ఎవరికీ తెలియదు. కోపమొచ్చి సభ మానుకోవచ్చు, లేదా ధిక్కరించి జైలుకు పోవచ్చు. మాడపాటి వారు మూడో దారి పట్టారు. దరఖాస్తు పెట్టేవారు. తిరస్కరిస్తే మళ్లీ పెట్టేవారు. రాజకీయం వద్దన్నారు కదా, సరే, బడుల గురించి మాట్లాడతాం, పుస్తకాల గురించి మాట్లాడతాం, వర్తకుల ఇబ్బందుల గురించి మాట్లాడతాం. అవి మాట్లాడుకుంటూ పోతే జనం ఎక్కడికి చేరుకుంటారో ఆయనకు తెలియదంటారా? నాకైతే తెలుసుననే అనిపిస్తుంది.

ఇందులో మచ్చుకు వెట్టిచాకిరి సంగతి చూడాలి. మా జనగామ తాలూకా అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది. మా తాతల కాలంలో అధికారి ఊర్లోకి వస్తే చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ అందరూ పని వదిలి పోవాలి. బండి కట్టాలి, నీళ్లు మోయాలి, కట్టెలు కొట్టాలి, కుండలియ్యాలి, గొల్ల మేకపిల్లనియ్యాలి, కోమటి సామానియ్యాలి. కూలి అడిగే ప్రశ్నే లేదు. నిజానికి కొన్ని రకాల వెట్టిని నిషేధిస్తూ సర్కారే ఫర్మానాలు, గస్తీలు జారీ చేసింది. అవి ఉర్దూలో కచ్చేరి బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. ఊర్లో ఎవరికీ తెలియదు. తెలిసిన పటేలు, పట్వారీలు చెప్పరు.

మాడపాటి వారి సంఘం ఆ ఉత్తర్వులు వెతికి తీసి తెలుగు చేసి చిన్న పుస్తకాలుగా అచ్చు వేసింది. వెట్టిచాకిరి మీద ఒకటి, వర్తక స్వాతంత్ర్యం మీద ఒకటి, మొహతర్ఫా అనే పన్ను మీద ఒకటి. వాటిని ఊర్లలో పంచారు, చదువు రానివాళ్లకు చదివి వినిపించారు. ఉత్తర్వు సర్కారుదే కాబట్టి పంచినవాళ్లను పట్టుకోవడానికి వీలు లేదు. వకీలు బుర్ర అంటే అదీ! కానీ దానికంటే పెద్ద సంగతి, సభకు వచ్చే మనిషి చేతిలో ముందే విషయం పెట్టడం. నేను నా సభలో పై నుంచి వచ్చిన కాగితాన్ని బల్ల మీద నా ముందు పెట్టుకున్నాను. అందులో ఏముందో ఎవరికీ చదివి వినిపించలేదు. సారాంశం చెప్పాననుకున్నాను. సారాంశం చెప్పేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

1930 మార్చిలో మెదక్ జిల్లా జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ. సురవరం ప్రతాపరెడ్డి గారు అధ్యక్షులు. ఆ పందిట్లోనే నడింపల్లి సుందరమ్మ గారి అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. ఆ తర్వాతి మహాసభలతో పాటు మహిళా సభలు జరపడం ఆనవాయితీ అయింది. మగవాళ్ల సభలో ఆడవాళ్లను వెనక కూర్చోబెట్టి నోరు మూయించడం కంటే, వాళ్ల అధ్యక్షురాలు, వాళ్ల తీర్మానాలు, వాళ్ల మైదానం వేరుగా ఉంచడం ఆ కాలానికి పెద్ద సంగతే. జోగిపేటకు ఆదిహిందూ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ గారు వచ్చారు. ఆయన మాట్లాడటం ఛాందసులకు నచ్చలేదు, గొడవ జరిగింది. అయినా ఆయన మాట్లాడారు. ఎనిమిదేళ్ల కింద తెలుగు మాట్లాడనివ్వలేదని పుట్టిన సంఘం, తమ పందిట్లో ఇంకొకరి నోరు మూయించి ఉంటే దాని పుట్టుకకు అర్థమే లేకుండా పోయేది.

తర్వాత 1931లో దేవరకొండ, 1934లో ఖమ్మం, 1935లో సిరిసిల్ల. సిరిసిల్ల సభకు మాడపాటి వారే అధ్యక్షులు. లెక్క వేసుకోండి, సంఘం పుట్టిన పద్నాలుగేళ్లకు ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు. అంతవరకూ దండలన్నీ ఇతరులకే. నేను మొదటి రోజే వేయించుకున్నాను.

1936 షాద్‌నగర్, 1937 నిజామాబాదు సభల నాటికి కొత్త తగాదా. మహాసభలో తెలుగే మాట్లాడాలా, ఉర్దూ వంటి భాషల్లో మాట్లాడాలనుకునేవారికి చోటివ్వాలా? ఈ రాజ్యంలో నివసించే అందరిదా మహాసభ, తెలుగు మాట్లాడేవారిదేనా? వివేకవర్ధినిలో పడ్డ అవమానం ఇంకా మరచిపోనివాళ్లు ఒక పక్క, రావి నారాయణరెడ్డి గారి వంటి యువకులు ఇంకో పక్క. దెబ్బ తిన్న సంస్థ తలుపులు ఎంతవరకు తెరవాలన్న ప్రశ్న ఏనాటికైనా చిక్కు ప్రశ్నే.

ఇక్కడ కామర్సు లెక్చరరు మిత్రుడొకరు నాకు చెప్పిన సంగతి రాస్తాను. అమెరికాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఒక ప్రయోగం చేశాడు. మంచి మాంసం సైన్యానికి పోతున్నది కనుక ఇంట్లో గుండె, గుర్దాలు వంటివి వండమని గృహిణులకు చెప్పాలి. కొందరికి ఉపన్యాసం ఇప్పించారు. కొందరిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఇబ్బందులేమిటో వాళ్లనే మాట్లాడుకోమని, చివర్లో ఎవరు వండుతారో చేతులెత్తమన్నారు. తర్వాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవాళ్లలో నూటికి 3 మంది వండారు, మాట్లాడుకున్నవాళ్లలో నూటికి 32 మంది. ఇప్పుడు కంపెనీలు విలీనమైనప్పుడు, ఆఫీసులు తరలిపోయినప్పుడు ఉద్యోగులతో సమావేశాలు ఎట్లా జరపాలో చెప్పే మేనేజిమెంటు పాఠాలకు మూలపురుషుల్లో ఈయనొకరట. మాడపాటి వారికి ఆయన పేరు తెలిసి ఉండదు. కాని వెట్టి మీద పుస్తకం చదివి వినిపించి ఊరివాళ్లను మాట్లాడుకోనివ్వడం అంతకు రెండు దశాబ్దాల ముందే ఇక్కడ జరిగింది.

మాడపాటి వారిని ఆకాశానికి ఎత్తడం నా ఉద్దేశం కాదు. ఆయన సభల్లో ముందు వరసల్లో ఎవరున్నారు? వకీళ్లు, వర్తకులు, భూస్వాములు, చదువుకున్నవారు. వెట్టి గురించి తీర్మానం చేసినవాళ్లు వేరు, వెట్టి చేసినవాళ్లు వేరు. వెట్టి చేసేవాడు పుస్తకం విన్నాడు గాని వేదిక ఎక్కలేదు. 1941 చిలుకూరు సభ నాటికి ఈ అసంతృప్తి బయటపడింది. రావి నారాయణరెడ్డి గారు అధ్యక్షులయ్యారు. 1944లో భువనగిరి సభలో మహాసభ చీలింది. యువకులు, కమ్యూనిస్టులు సభ్యత్వ రుసుము తగ్గించి రైతుకూలీల్లోకి తీసుకుపోయారు. అది ఊర్లలో సంగమయింది. మితవాదులు, జాతీయవాదులు వేరుపడి 1945లో మడికొండలో తమ సభ జరుపుకున్నారు. 1946 జూలై 4న మా తాలూకాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను తానే కోసుకుంది. దరఖాస్తుల కాలం అక్కడితో అయిపోయింది.

పాతికేళ్లు కట్టిన సంస్థ రెండు ముక్కలైతే దాన్ని కట్టినవానికి ఎట్లా ఉంటుంది? మాడపాటి వారు మితవాదిగానే ఉండిపోయారు. ఆ పోరాటం ఆయన దారి కాదు. ఆయన దారి చాలదని పోరాటం చేసినవాళ్లు అన్నదీ నిజమే. అయితే ఊర్లో నలుగురు కూడి సంఘం పెట్టుకోవచ్చు, అధికారిని నిలబెట్టి అడగవచ్చు అన్న అలవాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొమరయ్య వెనక నడిచినవాళ్లకు సంగం అన్న మాట ఎక్కడిది? నేనైతే ఇద్దరికీ దండం పెడతాను. నాతో ఏకీభవించని లెక్చరర్లు ఉన్నారని తెలుసు, వచ్చే సంచికలో రాయండి.

ఆయన చేసిన ఇంకో పని చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 1928లో హైదరాబాదులో ఆంధ్ర బాలికల కోసం తెలుగు మాధ్యమంలో ఉన్నత పాఠశాల పెట్టించారు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. తెలుగులో చదివిన ఆడపిల్లలకు పరీక్ష పెట్టేదెవరు? పూనాలోని మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధం చేయించారు. ఆ విశ్వవిద్యాలయం స్థాపించింది మహర్షి కార్వే! తెలుగు మాటకు ఈలలు పడ్డ సభకు అధ్యక్షుడైన ఆయనే. ఆ రాత్రి అవమానాన్ని మనసులో పెట్టుకుని ఉంటే మాడపాటి వారు పూనా వైపు చూసేవారు కాదు. సభలో జరిగిన తప్పు వేరు, సభాధ్యక్షుడు చేసిన మంచి పని వేరు అని ఆయన ఎంచగలిగారు.

మిగతా జీవితం మీకు తెలిసిందే. 1951లో హైదరాబాదుకు మేయరయ్యారు. 1955లో పద్మభూషణ్. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడితే మొదటి అధ్యక్షుడు ఆయనే, 1964 దాకా. అందరి మాటలు వరసగా విని, వంతు ఇచ్చి, గొడవ సర్దే కుర్చీ అది. ముప్పై ఏళ్లుగా చేస్తున్న పనికే అప్పుడు జీతం వచ్చిందనుకోవాలి. ఆంధ్ర పితామహుడని జనం పిలుచుకున్నారు. 1970 నవంబరు 11న కన్నుమూశారు.

నా సభ సంగతి సగంలో వదిలేశాను. పుస్తకం చదివాక నేను మళ్లీ ఆ నలుగురి దగ్గరికి పోయి ఇంకో అవకాశం అడిగాను. నవ్వారు, కాని ఒప్పుకున్నారు. ఈసారి మొదట వాడవాడకూ పోయి అరుగుల మీద కూర్చున్నాం. కాగితం మొత్తం, అక్షరం విడవకుండా చదివి వినిపించాం. అర్థం కాని మాటలకు మన మాటలు చెప్పాం. ఆడవాళ్లు విడిగా వాళ్ల కుప్పలో మాట్లాడుకుని, వాళ్ల ప్రశ్నలు వాళ్లే ఒక పిల్లతో నోటుబుక్కులో రాయించారు. నెల రోజులు పట్టింది. తర్వాత బడి ఆవరణలో చాపలు పరిచాం. బల్ల లేదు, మైకు లేదు. నేను మాట్లాడలేదు, ఎవరి వంతు ఎప్పుడో మాత్రం చూశాను. చాలా కష్టమైన పని అది, అలవాటు లేనివాళ్లు చేసి చూడండి.

మొదట లేచింది ఒక ముసలమ్మ. కొడుకు పేరు మీది వాటా ఆ పిల్లగాడు పట్నం పోయినంక ఎవరికి చెందుతదని అడిగింది. పై నుంచి వచ్చిన అధికారి దగ్గర జవాబు లేదు. రాసుకున్నాడు. ఆ వెనక ముప్పై ఒక్క ప్రశ్నలు వచ్చాయి. దీపాలు పెట్టే వేళ దాటాక కూడా ఎవరూ లేవలేదు. విలీనం ఆ రోజు తేలలేదు. ప్రశ్నలన్నిటికీ రాతలో జవాబు వచ్చిన తర్వాతే మళ్లీ కూర్చుందామని తీర్మానం చేసి, చాపలు చుట్టుకుని ఇళ్లకు పోయారు. వాటా వెనక్కి ఇయ్యమని కాగితాలు పెట్టినవాళ్లలో ఏడుగురు మర్నాడు వచ్చి ఆ కాగితాలు తీసుకుపోయారు.